ఎప్పుడూ ఉండేవే కదా!

పిచ్చుక మీద, పావురం మీద, సీగల్ మీద రాయడానికి ఏముంటుంది అంటారు. అరుదైన పక్షికైతే ఒక కథ ఉంటుంది. దాన్ని వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళుంటారు, దొరికినప్పటి సంబరం ఉంటుంది. రోజూ వాకిట్లో కనిపించేదాని గురించి చెప్పేదేముంది, ఎప్పుడూ ఉండేవే కదా అని తేల్చేస్తారు. ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ కౌంటీకి వచ్చి స్థిరపడ్డాక నేను తరచూ ఆలోచించేది ఈ మాట గురించే. ఇక్కడి మామూలు పక్షుల చరిత్ర కాస్త వెనక్కి తిప్పి చూస్తే, ఎప్పుడూ ఇలాగే ఉన్నవి చాలా తక్కువ. కొన్ని మొన్నమొన్న వచ్చినవి. కొన్ని పోయి మళ్ళీ వచ్చినవి. కొన్ని మన కళ్ళముందే, మనం పట్టించుకోకుండానే తరిగిపోతున్నవి.

ఇంగ్లండ్ తూర్పు అంచున, ఉత్తర సముద్రంలోకి ఉబ్బెత్తుగా పొడుచుకొచ్చిన నేల నార్ఫోక్. చెప్పుకోదగ్గ కొండల్లేవు. ఎటు చూసినా గోధుమ, బార్లీ, చక్కెర బీట్ పొలాలే. తూర్పున బ్రాడ్స్ అని పిలిచే మడుగులు, వాటి చుట్టూ రెల్లు. ఆ మడుగులు కూడా ప్రకృతి ఇచ్చినవి కావు. మధ్యయుగాల్లో జనం పొయ్యిల్లో మండించడానికి పీట్ మట్టిని తవ్వుకుపోతే, ఆ గోతుల్లో నీళ్ళు నిండి ఏర్పడ్డాయి. ఉత్తర తీరమంతా ఉప్పు చిత్తడి నేలలు. పడమట వాష్ అనే పెద్ద అఖాతం. ఆటు సమయంలో నీళ్ళు వెనక్కి పోయాయంటే కిలోమీటర్ల కొద్దీ బురద బయటపడుతుంది. ఈ ఒక్క కౌంటీలోనే ఇప్పటిదాకా 400కు పైగా పక్షి జాతులు నమోదయ్యాయి. సైబీరియా నుంచి దారితప్పిన చిన్న పిట్ట ఏదైనా క్లై ఊరి దగ్గర వాలిందని తెలిస్తే చాలు, దేశం నలుమూలల నుంచీ జనం టెలిస్కోపులు భుజాన వేసుకుని దిగుతారు. ఆ ఉత్సాహం మీద నాకు గౌరవమే. నా మనసు మాత్రం ఎవరూ టెలిస్కోపు తెచ్చి చూడని పక్షుల మీదే ఉంటుంది.

పెరట్లో మట్టి తవ్వుతుంటే రెండడుగుల దూరంలో వచ్చి వాలే రాబిన్ అలాంటిది. ఎర్రటి నారింజ రంగు రొమ్ము, సన్నని కాళ్ళు, పక్కకు వంచి చూసే తల. నేను పార ఎత్తగానే కింద కనిపించిన వానపామును ముక్కున కరిచి, మళ్ళీ పార దించేలోపు కంచె ఎక్కేస్తుంది. మిగతా పిట్టలు చాలావరకు నోరు మూసుకునే చలికాలంలోనూ అది పాడుతుంది. ఆ కాలంలో మగదీ ఆడదీ వేర్వేరుగా తమ తమ హద్దులు కాచుకుంటాయి, రెండూ పాడతాయి. తియ్యగా వినబడే ఆ పాటకు అర్థం ‘ఇది నా చోటు, దగ్గరికి రాకు’ అని. పక్కనే రాలిన ఆకులను కాళ్ళతో చెదరగొడుతూ తిరిగే బ్లాక్‌బర్డ్ ఉంటుంది. నల్లటి ఒళ్ళు, పసుప్పచ్చని ముక్కు. జూన్‌లో మా కప్పు మీద పాడినదే జనవరిలోనూ ఉంది అనుకుంటాం. కానీ శీతకాలంలో కనిపించే బ్లాక్‌బర్డ్‌లలో చాలా స్కాండినేవియా నుంచి సముద్రం దాటి వచ్చినవి. గోల్డ్‌క్రెస్ట్ అనే పిట్ట బరువు ఐదారు గ్రాములే. అంత ప్రాణీ అదే సముద్రం దాటి వచ్చి, గట్టున మొదటి పొదలో పురుగులు ఏరుకుంటూ కనిపిస్తుంది. ఇంటి వెనక తిరిగేది ఇంటి పిట్టే అని మనం అనుకుంటాం. అది వలస వచ్చిందో ఇక్కడే పుట్టిందో మనం అడగం.

కంచె మీద జంటగా కూర్చునే కాలర్డ్ డవ్‌ను చూసినప్పుడు మాత్రం నాకు పాత పరిచయం గుర్తొస్తుంది. లేత బూడిదరంగు ఒళ్ళు, మెడ వెనక నల్లటి గీత. మన మెట్ట పొలాల్లో కరెంటు తీగ మీద కూర్చుని మధ్యాహ్నాలంతా మూడు ముక్కలుగా కూసే గువ్వ ఇదే, జాతి కూడా ఒకటే. ఇరవయ్యో శతాబ్దంలో ఇది బాల్కన్ దేశాలు దాటి కొద్ది దశాబ్దాల్లోనే యూరప్ అంతా పరుచుకుంది. బ్రిటన్‌లో మొట్టమొదట గూడు పెట్టింది 1955లో, అదీ ఈ నార్ఫోక్‌లోనే, క్రోమర్ ఊరి దగ్గర. అప్పట్లో అది పెద్ద వింత. ఇప్పుడు దానివైపు తల తిప్పి చూసేవాళ్ళు లేరు. మా పక్కింటి పెద్దావిడ చిన్నతనంలో ఈ దేశంలో ఈ పక్షే లేదు. ఆవిడ చిన్నప్పుడు వేసవిలో పొలంగట్ల పొదల్లోంచి వినబడింది టర్టిల్ డవ్ గొంతు. ఆఫ్రికాలో చలికాలం గడిపి, ఏప్రిల్ చివర్లో వచ్చే చిన్న గువ్వ అది. కలుపుమొక్కల గింజలే దాని తిండి. కలుపు అన్నది కనబడకుండా పొలాలు శుభ్రమయ్యాయి, దారిలో వేటగాళ్ళ తుపాకులు ఎదురయ్యాయి. 1960ల నుంచి లెక్క చూస్తే బ్రిటన్‌లో నూటికి తొంభై అయిదుకు పైగా తగ్గిపోయాయి. ఒక మనిషి జీవితకాలంలోనే ఒక గువ్వ కొత్తగా వచ్చి మామూలైపోయింది, మామూలుగా ఉన్న ఇంకో గువ్వ అపురూపమైపోయింది. ‘ఎప్పుడూ’ అని మనం అనేది నిజానికి ఎంత చిన్న కాలమో ఈ రెండు గువ్వలు చెబుతాయి.

ఇక తెల్లకొంగ. వరిమడిలో నాగలి వెంట నడిచే కొంగల మధ్య పెరిగినవాళ్ళకు అందులో విశేషమేమీ కనబడదు. నల్ల కాళ్ళు, పసుపు పాదాలు ఉండే చిన్న తెల్లకొంగ ఇక్కడి ఉప్పు కాలువల్లోనూ పాదంతో బురద కదిలించి చేపపిల్లను లేపి పట్టుకుంటుంది. గూడు కట్టే కాలంలో దాని వీపు మీద సన్నని, అల్లికలాంటి ఈకలు వస్తాయి. పందొమ్మిదో శతాబ్దం చివర్లో యూరప్ ఆడవాళ్ళ టోపీల మీద ఆ ఈకలు పెద్ద ఫ్యాషన్. వాటి ధర బంగారంతో పోటీపడింది. ఈకలు వచ్చేది గూడు మీద ఉన్నప్పుడే కాబట్టి, తల్లిని కాలిస్తే గూట్లో పిల్లలూ ఆకలితో చచ్చేవి. దీనికి ఎదురు నిలిచి 1889లో మాంచెస్టర్ దగ్గర డిడ్స్‌బరీలో ఎమిలీ విలియమ్‌సన్ ఒక సంఘం పెట్టారు. ఈకలు పెట్టుకోబోమని ఆడవాళ్ళు ప్రమాణం చేసి చేరిన సంఘం అది. అదే తర్వాత రాయల్ సొసైటీ ఫర్ ది ప్రొటెక్షన్ ఆఫ్ బర్డ్స్ అయింది. 1902లో ఇండియా నుంచి పక్షి ఈకల ఎగుమతిని నిషేధించారు. బ్రిటన్‌లో దిగుమతిని ఆపే చట్టం 1921లో వచ్చింది. మన చెరువుల మీది కొంగకూ, లండన్ టోపీల దుకాణానికీ మధ్య ఉన్న ఆ దారి అలా మూతపడింది. యూరప్‌లో కొంగలు మెల్లగా కోలుకుని, 1996లో డార్సెట్ తీరంలోని బ్రౌన్‌సీ దీవిలో బ్రిటన్‌లో మొదటిసారి గూడు పెట్టాయి. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే నార్ఫోక్‌కూ వచ్చాయి. ఇప్పుడు హోల్కమ్ దగ్గర చెట్ల మీద అవి గుంపుగా కాపురం ఉంటున్నాయి. కొల్లేరులో మనం చూసే తెడ్డుమూతి కొంగ కూడా 2010లో అక్కడే వచ్చి చేరింది.

ఒకప్పుడు క్లై ఊళ్ళో పక్షులంటే కాల్చి, గడ్డి నింపి, అద్దాల పెట్టెలో పెట్టుకునేవి. 1926లో సిడ్నీ లాంగ్ అనే డాక్టరు, ఆయన మిత్రులు కలిసి ఆ చిత్తడి నేలను కొని పక్షులకే వదిలేశారు. ఒక కౌంటీ స్థాయిలో ప్రకృతి రక్షణకు ఇలా ట్రస్టు పెట్టడం బ్రిటన్‌లో అదే మొదలు. ఆ తర్వాత ఒక్కో కౌంటీ ఆ దారి పట్టింది. ఇవాళ క్లైలో పైకి వంగిన సన్నటి ముక్కుతో నీళ్ళను అటూ ఇటూ కోస్తూ నడిచే అవోసెట్‌లు ఎప్పుడు వెళ్ళినా కనిపిస్తాయి. తెలుపు మీద నల్ల చారలు, నీలపు కాళ్ళు. పందొమ్మిదో శతాబ్దం మధ్యకల్లా బ్రిటన్‌లో ఇవి గూడు పెట్టడమే ఆగిపోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువు దిగకుండా సఫోక్ తీరంలో పొలాలను కావాలనే నీటితో ముంచారు. ఆ బురద నచ్చి 1947లో అవి తిరిగొచ్చాయి. 1977లో క్లైకి చేరాయి. అదే తీరంలో ఉన్న టిచ్‌వెల్‌దీ ఇలాంటి చరిత్రే. 1953 జనవరి 31 రాత్రి ఉత్తర సముద్రం ఉప్పొంగి ఇంగ్లండ్‌లో 307 మందిని బలితీసుకుంది. ఆ ఉప్పెనకు కరకట్ట తెగి టిచ్‌వెల్ పొలం మళ్ళీ ఉప్పునేల అయింది. ఉప్పెన చేసిన గాయం తీర ప్రాంతపు తెలుగువాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. 1977 దివిసీమ మన జ్ఞాపకంలోంచి పోదు. అంత కష్టం మిగిల్చిన నేలనే ఇక్కడివాళ్ళు పక్షులకు ఇల్లుగా నిలబెట్టారంటే, ఆ పని వెనక ఓర్పు ఎంతో ఆలోచించాలి.

సీగల్‌ను మెచ్చుకునేవాళ్ళు క్రోమర్‌లోనూ, గ్రేట్ యార్‌మత్‌లోనూ అరుదు. చేతిలో చిప్స్ లాక్కుపోతుందని తిట్టుకుంటారు. దగ్గర్నుంచి చూస్తే హెరింగ్ గల్ పసుపు ముక్కు చివర ఒక ఎర్ర చుక్క ఉంటుంది. గూట్లో పిల్ల ఆకలేస్తే ఆ చుక్కను పొడుస్తుంది. పొడవగానే తల్లి తిన్నది కక్కి పెడుతుంది. నీకో టిన్‌బెర్గెన్ అనే శాస్త్రవేత్త ఈ చిన్న వ్యవహారాన్నే ఏళ్ళ తరబడి పరిశీలించారు. జంతువుల ప్రవర్తన మీద ఆయన చేసిన కృషికి 1973లో నోబెల్ బహుమతి వచ్చింది. వాన వెలిసిన పచ్చిక మీద ఇదే పక్షి ఒకచోట నిలబడి రెండు కాళ్ళనూ టపటపా ఆడిస్తుంది. ఆ అదురుకు వానపాములు పైకి వస్తాయి. తల వంచి చూస్తుంది, పొడుస్తుంది, రెండడుగులు జరిగి మళ్ళీ మొదలుపెడుతుంది. ఊరి పైకప్పుల మీద ఇన్ని కనిపిస్తున్నాయి కదా, వీటికేం లోటు అనిపిస్తుంది. కానీ దేశం మొత్తమ్మీద ఇవి బాగా తగ్గిపోయి 2009లోనే, ఎక్కువ ఆందోళన కలిగించే పక్షుల ‘ఎర్రజాబితా’కు ఎక్కాయి. ఊళ్ళో ఎక్కువగా కనబడటం వేరు, లోకంలో ఎక్కువగా ఉండటం వేరు.

శీతకాలంలో నార్ఫోక్ ఆకాశం పింక్‌ఫుట్ పెద్దబాతులది. సెప్టెంబరు నుంచి ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్‌ల నుంచి బారులు బారులుగా దిగుతాయి. రాత్రి బురదనేలల మీద గడిపి, తెల్లవారగానే అరుచుకుంటూ పొలాల మీదికి వస్తాయి. వాటిని ఇక్కడ నిలిపి ఉంచేది చక్కెర బీట్. యంత్రం దుంపలు తవ్వుకుపోయాక చేలో మిగిలే తలలు, ఆకులు వాటి తిండి. రైతు కోతైన వెంటనే దున్నేస్తే బాతులకు ఏమీ మిగలదు. కొన్నాళ్ళు ఆగితే అవి పక్కనున్న గోధుమ పైరు జోలికి పోకుండా అక్కడే కడుపు నింపుకుంటాయి. ఇంత పెద్ద వలస ఒక రైతు ట్రాక్టరు ఎప్పుడు తీస్తాడన్నదాని మీద ఆధారపడి ఉంది. వాష్ ఒడ్డున ఉన్న స్నెటిషమ్ దగ్గర పెద్ద పోటు రోజున ఇంకో దృశ్యం చూడొచ్చు. ఆర్కిటిక్‌లో గుడ్లు పెట్టి వచ్చిన నాట్ పక్షులు వేలకు వేలు వాష్ బురదలో చిన్న గుల్లలు ఏరుకుంటూ ఉంటాయి. నీరు పెరిగేకొద్దీ వాటికి కాలు మోపే చోటు తగ్గుతుంది. చివరికి అన్నీ ఒక్కసారిగా లేస్తాయి. చేటలో చెరిగిన బియ్యం లేచి పడ్డట్టు ఆ గుంపు అంతా ఒకేసారి తిరుగుతుంది. ఒక వైపు బూడిదరంగు, మరు వైపు తెలుపు. రెక్కల హోరుకు మాట వినబడదు. విడిగా చూస్తే నాట్ పెద్ద అందగత్తె కాదు. దాని అందమంతా సంఖ్యలో ఉంది. జాతి అంతరించకుండా పది జంటలు మిగిలినా ఈ అందం మాత్రం మిగలదు. రక్షణ అంటే చివరి జంటను కాపాడటమే అనుకునే మనం, సమృద్ధి అన్నది కూడా పోగొట్టుకోగల ఆస్తి అని తెలుసుకోవాలి.

ఆ ఆస్తి కరిగిపోవడం కళ్ళతో చూడాలంటే పొలానికే వెళ్ళాలి. ఒకప్పుడు ఇక్కడ వసంతంలో విత్తేవారు. శీతకాలమంతా మోళ్ళు అలాగే ఉండేవి, రాలిన గింజలు పిట్టలకు దక్కేవి. ఇప్పుడు ఎక్కువగా ఆకురాలు కాలంలోనే గోధుమ విత్తుతున్నారు. వసంతానికల్లా పైరు ఒత్తుగా ఎదిగిపోతుంది. నేల మీద గూడు పెట్టే స్కైలార్క్‌కూ, మన తీతువుకు చుట్టమైన ల్యాప్‌వింగ్‌కూ దిగడానికి చోటుండదు. ఆకాశంలో ఒకే చోట నిలిచి నిమిషాల తరబడి పాడే స్కైలార్క్ 1970ల నుంచి సగానికి పైగా తగ్గింది. దీనికి కనిపెట్టిన విరుగుడు చాలా సాదా. విత్తనాలు వేస్తూ వెళ్ళే రైతు మధ్యమధ్యలో గొర్రును కొన్ని మీటర్ల దూరం పైకెత్తి పట్టుకుంటాడు. అక్కడ పైరు మొలవదు, ఒక చిన్న ఖాళీ మిగులుతుంది. పిట్ట అందులో దిగి చుట్టూ తిండి వెతుక్కుంటుంది. హెక్టారుకు రెండు ఖాళీలు చాలు. పంట దిగుబడిలో తేడా లెక్కలోకి రాదు, పిల్లల లెక్కలో మాత్రం తేడా వస్తుంది. ఊళ్ళో పిచ్చుకదీ ఇదే అవస్థ. ఇళ్ళు బాగుచేయించుకుంటూ కప్పు కింద సందులు మూసేశాం. పిచ్చుక పిల్లలను మేపడానికి పురుగులు కావాలి, మందులు కొట్టి వాటినీ లేకుండా చేశాం. గోరింక కుటుంబానికి చెందిన స్టార్లింగ్ గడ్డి వేళ్ళలోని పురుగుల మీద బతుకుతుంది, అదీ అలాగే తగ్గింది. పిచ్చుక, స్టార్లింగ్ రెండూ 2002లో ఎర్రజాబితాలోకి చేరాయి. 2021లో 245 జాతులను పరిశీలించి తయారుచేసిన జాబితాలో 70 ఎరుపులో ఉన్నాయి. మామూలుగా కనిపించే గ్రీన్‌ఫించ్, స్విఫ్ట్ కూడా ఆ ఏడాదే వాటిలో చేరాయి.

ఇవన్నీ మనకెలా తెలిశాయన్నదే నాకు అన్నిటికన్నా ముఖ్యం. 1933లో ఏర్పడిన బ్రిటిష్ ట్రస్ట్ ఫర్ ఆర్నిథాలజీ, పురుగుమందుల ప్రభావం మీద దిగులు పెరిగిన కాలంలో, 1962లో మామూలు పక్షుల లెక్క మొదలుపెట్టింది. అరుదైనవాటిది కాదు, రోజూ కనబడేవాటిది. అంత దూరం ఆలోచించినవాళ్ళకు నేను మనసులో దండం పెట్టుకుంటాను. ఇప్పుడు ఆ సంస్థ కార్యాలయం ఉన్నది నార్ఫోక్‌లోనే, థెట్‌ఫర్డ్ ఊళ్ళో. 1994 నుంచి నడుస్తున్న సర్వేలో ఒక్కో కార్యకర్తకు ఒక చదరపు కిలోమీటరు ఇస్తారు. వసంతంలో రెండు ఉదయాలు ఆ చోట నడిచి కనబడినవీ వినబడినవీ రాసుకోవాలి. జీతం లేదు. బడిపంతుళ్ళు, నర్సులు, రిటైరైన గుమాస్తాలు ఈ పని చేస్తారు. 1979 నుంచి ప్రతి జనవరి చివర్లో జనం ఒక గంటసేపు తమ తోటలో వాలిన పక్షులను లెక్కపెట్టి పంపుతున్నారు. మా పక్కింటి పెద్దావిడ టీ కప్పు పట్టుకుని కిటికీ దగ్గర కుర్చీ వేసుకుంటారు. “పిచ్చుకలు ఎక్కువున్నాయా అని నన్నడగొద్దు. నా కాగితం మీద ఏముందో అది చెబుతాను” అంటారు. సైన్సు అంటే ఇదేగా అనిపిస్తుంది నాకు.

మన దగ్గర పిచ్చుకలు పోయాయని ఎంత బాధపడ్డామో అందరికీ తెలుసు. సెల్ టవర్లే చంపేశాయని గట్టిగా నమ్మాం కూడా. వేలమంది పక్షి పరిశీలకులు రాసిన లెక్కలతో 2020లో వచ్చిన భారత పక్షుల నివేదిక, పెద్ద నగరాల్లో తగ్గినా దేశం మొత్తమ్మీద పిచ్చుకలు పాతికేళ్ళుగా దాదాపు నిలకడగానే ఉన్నాయని తేల్చింది. టవర్ల మాటకు బలమైన ఆధారం లేదు. అంటే లెక్క లేనిచోట మన భరోసాకే కాదు, మన దుఃఖానికి కూడా దిక్కు తెలియదు. ఏది నిజంగా తగ్గుతోందో తెలియకపోతే దేని కోసం నిలబడాలో తెలియదు. ప్రతి ఫిబ్రవరిలో ఇండియాలోనూ ఇలా పెరటి పక్షులను లెక్కించే నాలుగు రోజులున్నాయి. మన ఊళ్ళ నుంచి ఆ లెక్కకు చేరే కాగితాలు ఇంకా చాలా పెరగాలి.

అరుదైన పక్షిని కాపాడటానికి ఒక కంచె, ఒక కాపలాదారు, కొంత డబ్బు ఉంటే చాలాసార్లు పని జరుగుతుంది. అవోసెట్, కొంగ అలాగే తిరిగొచ్చాయి. మామూలు పక్షి మామూలుగా ఉండాలంటే అది చాలదు. పొలాలన్నీ, పెరళ్ళన్నీ, ఇంటి చూరులన్నీ కలిసిరావాలి. గొర్రు ఎత్తే రైతు కావాలి, సందు మూయని మేస్త్రీ కావాలి, టోపీ మీద ఈక వద్దనుకున్న ఆ ఆడవాళ్ళలాంటివాళ్ళు ప్రతి తరంలోనూ కావాలి. అందుకే నా దృష్టిలో ఒక దేశం తన అరుదైన పక్షులను ఎన్నింటిని దక్కించుకుందన్నదానికన్నా, దాని పిల్లలు పేరు అడగకుండానే గుర్తుపట్టే పక్షులు ఎన్ని మిగిలాయన్నదే పెద్ద పరీక్ష. నార్ఫోక్ ఆ పరీక్ష కొన్నిట్లో నెగ్గింది, కొన్నిట్లో ఓడింది, ఇంకా రాస్తూనే ఉంది. మనమూ రాయాలి. ఈ వారం ఒక ఉదయం మీ వీధిలో నడిచి, కనబడిన ప్రతి పిట్టనూ తేదీతో సహా రాసిపెట్టండి. కాకినీ వదలొద్దు, పావురాన్నీ వదలొద్దు.